దారి అడిగిన ముఖం

థప్.

తడిమట్టి ముద్ద బల్ల మీద పడ్డ చప్పుడు.

థప్... థప్...

అతని గుండె కూడా అదే వరసలో కొట్టుకుంటోంది.

పెంకుల బట్టీ షెడ్డులోకి పొద్దుటి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఎండలో దుమ్ము. దుమ్ములో ఊక వాసన. మట్టి మాత్రం పాతదే. వంక ఒడ్డున తవ్వి తెచ్చిన ఎర్రమట్టి — జిగురుది, మాట వినేది. ఇన్నేళ్ళూ దాన్ని పెంకు చేశాడు. పెంకు, పెంకు, మళ్ళీ పెంకు. చుట్టుపక్కల ఏ ఇంటి మీద వాన పడినా ముందు అతని చేతి మట్టి మీదే పడుతుంది.

ఇవాళ ఆ మట్టిని ముఖం చెయ్యాలి.

మాస్టారి ముఖం.

వేళ్ళ కొసల్లో ఒకటే జివజివ. పెళ్ళినాడు కూడా ఇట్లా లేదు. ఆ మాట పైకే అన్నాడు కాబోలు, మూలన పెంకులు దొంతర పెడుతున్న భార్య వింది.

"అవునులెండి. ఆ రోజు మీరు నిలబడే కునికిపాట్లు పడ్డారు."

అతను నవ్వలేదు. మాట్లాడేదే తక్కువ, నవ్వేది ఇంకా తక్కువ. మీసం మాత్రం కొంచెం కదిలింది.

మాస్టారు కిందటి వానాకాలం పోయారు.

ఆ బోర్డింగు స్కూల్లో ఆయన ఎప్పుడు చేరారో ఎవరికీ తెలీదు. ఇతనూ ఇతని క్లాసువాళ్ళూ చేరేసరికి ఉన్నారు. వీళ్ళ పిల్లలు చేరేసరికీ ఉన్నారు. పిల్లలు పడుకునే పొడుగాటి హాలు చివర చిన్న గది ఆయనది. ఆ గదికి తలుపుందిగానీ, అది మూసి ఉండగా చూసినవాడు లేడు. లెక్కలు చెప్పేవారు. రానివాడికి మళ్ళీ చెప్పేవారు. అప్పటికీ రానివాడికి చేతిలో ఒక పండు పెట్టి మళ్ళీ చెప్పేవారు. పండు కోసం లెక్క రానట్టు నటించినవాళ్ళున్నారు. అదీ ఆయనకి తెలుసు.

పెళ్ళి లేదు. ఊరు లేదు. సెలవుల్లో స్కూలంతా ఖాళీ అయ్యాక, ఆ పొడుగాటి హాల్లో ఆయనా, గాలీ...

ఇప్పుడు ఆ హాలు పడగొట్టి కొత్తది కట్టారు. వచ్చే ఆదివారం తెరుస్తారు. గుమ్మం పక్కన మాస్టారి తల ఒకటి పెడదామని అక్కడ చదువుకున్నవాళ్ళందరూ అనుకున్నారు. ప్లీడరు — ఇతనితో చదివినవాడే — పట్నంలో రాతిపని చేసే శిల్పితో మాట్లాడాడు. శిల్పి ఫోటో అడిగాడు.

అక్కడొచ్చింది చిక్కు.

ఫోటోలు ఉన్నాయి. ఏడాదికొకటి ఉంది, గ్రూపు ఫోటో. పిల్లలందరూ నిటారుగా, కళ్ళు విప్పార్చుకుని, ఊపిరి బిగబట్టుకుని. మధ్యలో కుర్చీలో మాస్టారు — ముఖం చెరిగిపోయి. ఏ ఏడు చూసినా అంతే. కెమెరా నొక్కే క్షణానికి ఆయన తల తిప్పేవారు... ఎవడైనా కళ్ళు మూశాడేమో, ఎవరి ముఖమైనా ముందువాడి తల వెనక పడిందేమో అని. అందరి ముఖాలూ బాగా పడాలని చూసి చూసి, తన ముఖం ఒక్క ఫోటోలోనూ మిగల్చుకోలేదు.

మసక. ఏడాదికొక మసక.

పొగమంచుకి విగ్రహం చెయ్యడం నాకు చేతకాదని శిల్పి ఫోను పెట్టేశాడట.

అప్పుడు కండక్టరు లేచాడు. బస్సులో కండక్టరు. వీళ్ళ క్లాసులో నోరున్నవాడు.

"మన పెంకులాయన ఉన్నాడుగా. వాడికి ఫోటో ఎందుకు? క్లాసులో మాట్లాడేవాడా, లేదు. వినేవాడా, అనుమానమే. చూసేవాడు. పొద్దస్తమానం మాస్టారిని నోరు తెరుచుకుని చూడ్డమే వాడి చదువు."

ప్లీడరు సగం మనసుతో ఒప్పుకున్నాడు. కుదరకపోతే రాతిపలక మీద పేరు చెక్కించి నిలబెట్టేస్తానన్నాడు.

పేరు.

ముఖం లేని వట్టి పేరు.

ఆ మాటే అతన్ని పట్టుకుని వదల్లేదు. కొత్త హాల్లోకొచ్చే పిల్లలు ఆ పేరు చదువుతారు, బస్సు మీద నంబరు చదివినట్టు. ఎవరీయన అని అడగను కూడా అడగరు. ఆ ముఖం ఇప్పుడు భూమ్మీద ఉన్నది కొన్ని తలల్లోనే. నెరుస్తున్న తలలు, జుట్టు ఊడుతున్న తలలు, మరిచిపోతున్న తలలు... అవి కూడా మట్టిలో కలిస్తే ఇక ముఖం ఎక్కడుంటుంది?

ముందే మట్టికి చేర్చాలి. త్వరగా.

థప్.

చెవులు ముందొచ్చాయి.

ఆశ్చర్యం — ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ముద్దని రెండు చేతుల్తో పట్టుకున్నాడు, అంతే, చెవులొచ్చాయి. పెద్ద చెవులు. కుడి చెవి వెనక సుద్దముక్క దోపుకునేవారు, అందుకని అది కొంచెం ముందుకి వాలి ఉండేది. వాలింది. తర్వాత నుదురు. నుదుటి మీద ముడత, లెక్క తప్పినప్పుడు కాదు, ఒప్పయినప్పుడు పడేది. పడింది. బొటనవేలు ఒకసారి అదిమితే చెంప, ఇంకోసారి అదిమితే చెంప కింద నీడ...

వస్తున్నారు. మాస్టారు వస్తున్నారు.

అన్నం ముందు పెడితే ఎండిపోయింది. మంచినీళ్ళు పెడితే చేతులు కడుక్కున్నాడు. "ఎవరో చుట్టాలొస్తున్నట్టు ఆ ఉరుకులేంటండీ" అని భార్య నవ్వింది. చుట్టాలే. వీధి మలుపు దాటేశారు. గుమ్మం దగ్గరికొచ్చేశారు. చెప్పులు విడుస్తున్నారు...

తల లోపలంతా తొలిచి డొల్ల చేశాడు. గట్టిగా ఉంటే నిప్పులో పేలిపోతుంది. నీడలో ఆరబెట్టాడు. తడిగుడ్డ కప్పాడు, తీశాడు, కప్పాడు. పసిబిడ్డని చూసినట్టు అదేపనిగా చూశాడు.

మట్టి సగం ఆరింది. తోలులా బిగిసింది. అప్పుడు పిలిచాడు వాళ్ళని.

ముగ్గురొచ్చారు. ప్లీడరు, కండక్టరు, ఊరి ఆసుపత్రి నర్సమ్మ. నర్సమ్మ కూడా ఆ స్కూలే, ఆ క్లాసే.

పెంకుల దొంతర మీద, వాళ్ళ కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉంది తల.

గుడ్డ తీశాడు.

ముగ్గురూ దగ్గరికి జరిగారు. తర్వాత అందరూ మాట్లాడారు.

"ముక్కు ఇంకొంచెం పొడుగేమో."

"నీకు మాస్టారి ముక్కెక్కడ తెలుసు, నువ్వెప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయేవాడివి."

"నిద్రలో కూడా ముక్కు కనపడేది. అంత పొడుగు."

"పెదాలు బిగించాడేంటి? ఆయన పెదాలు బిగించరు."

"నీ జవాబులు దిద్దేటప్పుడు చూసుంటే తెలిసేది."

అతను వాళ్ళు చెప్పినచోటల్లా అదిమాడు. ముక్కు లాగాడు. పెదాలు సడలించాడు. దవడ కింద కాస్త తీశాడు. చివరికి ప్లీడరు వెనక్కి జరిగి, కళ్ళజోడు సర్దుకుని, "ఆఁ, ఆయనే" అన్నాడు. "ఆయనే" అన్నాడు కండక్టరు. "ఆయనే" అంది నర్సమ్మ.

ఆయనే. కాదనడానికి ఏమీ లేదు.

కానీ అతను ముఖాలు చూసేవాడు. వాళ్ళ ముఖాలు చూశాడు. బట్టల కొట్లో కొలత సరిపోయిందా అంటే, సరిపోయింది అన్నట్టున్నారు. ఒక్కరి గొంతూ తడబడలేదు. మాస్టారు ఎదురైనట్టు ఒక్కరి చెయ్యీ చొక్కా గుండీ సర్దుకోడానికి పోలేదు.

ఇంతసేపూ పొంగిన పాలు ఒక్కసారిగా కిందికి దిగిపోయినట్టయింది అతనికి.

మాస్టారు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేదు.

అతను నీళ్ళ తొట్టి దగ్గరికెళ్ళి, గొంతుక్కూర్చుని, చేతులు కడుక్కోసాగాడు. ఎర్రనీళ్ళు వేళ్ళ మధ్య నుంచి జారుతున్నాయి. నర్సమ్మ వెనకే వచ్చింది. సముదాయిద్దామని కాబోలు.

"ఏరా, ఏమైంది? బాగానే వచ్చిందిగా..."

అతను తలెత్తి ఆమెని చూశాడు.

నర్సమ్మ ఆగిపోయింది.

"కదలకు," అంది.

అతను కదల్లేదు. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అట్లాగే ఉండు. అట్లాగే..." ఆమె గొంతు మారింది. "మాస్టారు ఇట్లా చూసేవాళ్ళు. కింద నుంచి."

కండక్టరు, ప్లీడరు దగ్గరికొచ్చారు.

"నేను చేరిన వారం," అంది నర్సమ్మ. "గేటు పట్టుకుని నిలబడిపోయాను. అన్నం తినలేదు. ఎవరొచ్చి లాగినా వదల్లేదు. ఆయనొచ్చారు. ఏడవకు అనలేదు. ఆడపిల్లవి, చదువుకోవాలి, అవేమీ అనలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి... 'మీ ఇంటికి దారి చెప్పు తల్లీ' అన్నారు."

"దారా?"

"దారే. గేటు దాటి ఎటు తిరగాలి అని. చెప్పాను. తర్వాత? అన్నారు. రైలు పట్టాలన్నాను. తర్వాత? రంపం మిల్లు. తర్వాత? మిల్లు పక్క సందు, సందులో కరిచే కుక్క. కుక్క పేరేంటన్నారు. ఏ రంగన్నారు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ మా గుమ్మం దాకా వెళ్ళిపోయాను. లోపల మా అమ్మ మిషను కుట్టుకుంటోంది. అదీ చెప్పాను. అప్పుడన్నారు — 'సరే, ఇప్పుడు దారి నాకూ తెలిసింది. ఇక మనిద్దరిలో ఎవరం మరిచిపోయినా రెండోవాళ్ళం చెప్పుకోవచ్చు.' గేటు వదిలేశాను."



"మా ఇంటికి పడవ దాటాలి," అన్నాడు ప్లీడరు. ఎవరూ అడక్కుండానే. నేల చూస్తూ. "పడవవాడు గూనివాడు. మాస్టారు ముసలాయనయ్యాక... చాలా ఏళ్ళ తర్వాత, నేను కోటు వేసుకుని ఎదురుపడితే, కోటు గురించి అడగలేదు. ఆ పడవవాడు బావున్నాడా అని అడిగారు."

కండక్టరు ఎప్పుడూ ఎగతాళి మాటలవాడు. ఈసారి మెల్లగా అన్నాడు —

"నన్నొక్కణ్ణే అడిగారనుకున్నాను."

"నేనూ," అంది నర్సమ్మ.

"ఇన్నేళ్ళూ, నన్నొక్కణ్ణే అనుకున్నా. మాది బస్సు దారి. స్టాపులన్నీ వరసగా చెప్పాను. ఒకటి మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి." ముక్కు తుడుచుకున్నాడు. "ఇప్పటికీ అవే చెప్పుకుంటున్నా, జీతం తీసుకుని."

ముగ్గురూ పెంకులాయన వైపు చూశారు.

అతను ఇంకా కిందే కూర్చున్నాడు. తొట్టి పక్క తడినేల మీద వేలు ఆడుతోంది.

అతనికీ ఉంది. ఎట్లా లేకుండా పోతుంది? మాట రాని పిల్లాడు, చేరి ఎన్ని రోజులైనా పెదవి విప్పని పిల్లాడు. దారి చెప్పు నాన్నా, అంటే నోరు పెగల్లేదు. ఆయన లేవలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది, లేవలేదు. అప్పుడు పిల్లాడు కూడా కూలబడి, నేల మీద వేలితో గీత గీశాడు. గీత చాల్లేదు. మట్టి పోగు చేసి వంక ఒడ్డు చేశాడు. తర్వాత? పుల్ల పెట్టి వంతెన చేశాడు. తర్వాత? ఇల్లు. ఇంటి వెనక పొగ గొట్టంతో బట్టీ. తర్వాత? బట్టీ ముందు ఒక మట్టి ఉండ — మా నాన్న, అన్నాడు.

ఆ స్కూల్లో అతను మాట్లాడిన మొదటి మాట అది.

మాస్టారి ముఖం అప్పుడు ఎక్కడుంది?

ఎదురుగా లేదు. పైన లేదు.

కింద. తన మోకాళ్ళ దగ్గర. పైకి చూస్తూ.

లేచాడు. తడిచేతుల్తోనే లేచాడు. మట్టి కోసే తీగ గోడకి వేలాడుతోంది — తీశాడు, రెండు చేతులకీ చుట్టాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు ప్లీడరు.

తీగ మెడలోకి దిగింది.

"ఒరేయ్, ఒరేయ్... ఆదివారం హాలు తెరుస్తున్నాం, తల కోసేశావేంట్రా?"

"మనమందరం మాస్టారి తల తిన్నాం గానీ," అన్నాడు కండక్టరు, "తీసింది వీడొక్కడే."

అతను వినలేదు. తలని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మెడని ఏటవాలుగా చెక్కాడు. కోసినచోట రెండువైపులా గీతలు పెట్టాడు, పల్చటి బురద పూశాడు, తలని వెనక్కి వాల్చి అతికించాడు. గడ్డం లేచింది. చూపు లేచింది. కనుబొమలు కొంచెం పైకి. పెదాలు... పెదాలు బిగించకూడదు, మూయకూడదు. ఒక మాట ఇప్పుడే అడగబోతున్నట్టు, అడిగి వింటున్నట్టు.

ఎత్తి, దొంతర మీద కాదు, నేల మీద పెట్టాడు.

నలుగురూ నిలబడి కిందికి చూశారు.

నర్సమ్మ చెయ్యి గాల్లోకి పోయింది, లేని గేటుని పట్టుకోబోతున్నట్టు.

ప్లీడరు చొక్కా సర్దుకున్నాడు. ఎందుకు సర్దుకున్నాడో అతనికే తెలీదు.

"గుమ్మం పక్కన దిమ్మె కట్టించేశానురా," అన్నాడు చివరికి, మెల్లగా. "ఛాతీ ఎత్తు. నున్నటి రాయి."

"పడగొట్టు."

"దేనికి?"

"ఆయన కింద కూర్చుంటారు."

ఇక గడియారంతో పరుగు.

పెంకుకి అతుకుండదు. అతుకున్న పెంకు వాన ఆపదు. ఇన్నేళ్ళ పనిలో అతను ఒక్క అతుకూ నమ్మలేదు. ఇప్పుడు తన చేత్తో తనే, సగం ఆరిన మెడని కోసి, తడి పూసి, అతికించి కూర్చున్నాడు. ఆ తడి నిదానంగా ఆరాలి. నిదానానికి టైము లేదు. లోపల తడి మిగిలితే నిప్పు ఊరుకోదు — మెడ దగ్గర విడిపోతుంది. మళ్ళీ చెయ్యడానికి ఆదివారం ఆగదు. ఆగకపోతే గుమ్మం దగ్గర రాతిపలక. వట్టి పేరు.

"పగులుతుందండీ," అంది భార్య.

"తెలుసు."

"తెలిసే చేశారా?"

"ఊఁ."

ఆమె బట్టీ గోడ వెచ్చగా ఉన్నచోట చూసి, తలని అక్కడికి జరిపింది. పూటపూటకీ తిప్పింది, అన్నివైపులా ఒకేలా ఆరాలని. అతను పనిలో ఉన్నప్పుడు తనే వెళ్ళి, మెడ దగ్గర అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసొచ్చింది. ఒకసారి అతను వచ్చేసరికి ఆమె ఆ తల ముందు నిలబడి ఏదో చెబుతోంది. సంత దాటాక ఎడమకి, అంటోంది. ఆమె ఆ స్కూల్లో చదవలేదు. అతను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున బట్టీ పేర్చాడు. ముందు వరసల్లో పెంకులు, నడిమధ్యలో మాస్టారు. బట్టీ నోరు ఇటుకలతో మూశాడు. నిప్పు పెట్టాడు.

సన్నసెగ. పొగే తప్ప మంట లేనంత సన్నగా. తర్వాత ఒక్కో కట్టె. ఒక్కో కట్టె. బట్టీ గొంతులో గాలి మొదలైంది — గుర్రుమని, వంక పొంగి వస్తున్నట్టు. నిప్పు ఎరుపెక్కింది. ఎరుపు పసుపెక్కింది. అతని ముఖం మీద చెమట, చెమట మీద వెలుగు. చిన్నపిల్లాడిలా కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. కండక్టరు సెలవు పెట్టుకుని వచ్చాడు. కూర్చోడానికి చోటు లేదు, బట్టీ ముందు నేల మీదే కూర్చున్నారు. మోకాళ్ళు పటపటమన్నాయి. 

"పడవ దిగాక," అన్నాడు ప్లీడరు ఉన్నట్టుండి, "ఇసక."

ఎవరూ నవ్వలేదు.

"తర్వాత?" అంది నర్సమ్మ.

"ఇసకలో కాళ్ళు కాలతాయి. పరిగెత్తాలి. తర్వాత మా బాబాయి వాళ్ళ పాక..."

"తర్వాత?"

అట్లా సాయంత్రం దాకా. ఒకరి తర్వాత ఒకరు. ఇప్పుడు లేని మిల్లులు, ఇప్పుడు లేని కుక్కలు, ఎప్పుడో అమ్మేసిన ఇళ్ళు. బట్టీ గుర్రుమంటూనే ఉంది, వింటున్నట్టు.

శనివారం చల్లారాలి. తొందరపడి తెరిస్తే చల్లగాలి తగిలి అన్నీ పోతాయి. అతను బట్టీ గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. లోపలి వేడి వీపులోకి దిగుతోంది.

ఉన్నట్టుండి —

టక్.

లోపల. ఎక్కడో నడిమధ్యన.

భార్య పెరట్లోంచి తొంగిచూసింది. ఆమె కూడా వింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెంకు కావచ్చు. ప్రతి బట్టీలో ఏదో ఒక పెంకు పగులుతుంది. పెంకే అయ్యుంటుంది...

అతను వీపు తియ్యలేదు.

ఆదివారం.

తెల్లారేసరికి ముగ్గురూ వచ్చి నిలబడ్డారు, ఉతికిన బట్టల్లో. దిమ్మె పడగొట్టించానన్నాడు ప్లీడరు. అక్కడ నేల చదును చేయించానన్నాడు. దూరంగా స్కూల్లో పిల్లల్ని వరసల్లో నిలబెడుతున్న గోల గాలి మీద వచ్చి పోతోంది.

అతను మొదటి ఇటుక లాగాడు. లోపలి నుంచి వెచ్చటి ఊపిరి ముఖానికి కొట్టింది. రెండో ఇటుక. మూడోది. పెంకులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి, ఎర్రగా, పండినట్టు. ఒకటి నడిమికి చీలి ఉంది.

"ఇదే ఆ టక్," అన్నాడు కండక్టరు ఆత్రంగా. "ఇదే. కదా?"

"కావచ్చు," అన్నాడు అతను.

నడుం దాకా లోపలికి వంగాడు. చేతులు చీకట్లోకి పోయాయి, ఆగాయి. వెనక్కి జరిగి బయటికొచ్చాడు, గుండెకి ఆనించుకుని. నేల మీద పెట్టాడు.

బూడిద. తల మీద, చెవుల మీద, మెడ మీద పొడిమంచులా బూడిద. బూడిదలోంచి కింద నుంచి పైకి చూస్తున్న ముఖం. నలుగురినీ, వెనక నిలబడ్డ అతని భార్యనీ, అందరినీ ఒకేసారి చూస్తున్న ముఖం. పెదాలు ఇప్పుడే విడివడినట్టు...



మెడ దగ్గర అతుకు కనబడదు. బూడిద తుడిచినా, లోపలి చీలిక కంటికి కనబడదు. కాల్చిన మట్టికి ఒకటే పరీక్ష. వేలి కణుపుతో కొట్టాలి. అతుకు నిలబడితే మోగుతుంది, కంచులా. లేకపోతే డొల్లగా, చచ్చుగా, ముద్ద పడ్డట్టు ఒక చప్పుడు.

"కొట్టి చూడండి," అంది భార్య.

స్కూల్లో గంట మోగింది. పిల్లల గోల ఒక్కసారిగా ఆగిపోయింది.

అతను గొంతుక్కూర్చున్నాడు. చెవిని ఆ మెడ దగ్గరికి వంచాడు. వేలు మడిచాడు. గుండె మళ్ళీ మొదలుపెట్టింది, తడిమట్టి బల్ల మీద పడ్డట్టు.

నలుగురూ ఊపిరి బిగబట్టారు, ఫోటోలో నిలబడ్డట్టు.

వేలు కదిలింది.